పాము, పాట, నా చెవులు

పోయినేడు కాలిఫోర్నియాలో బిడ్డ దగ్గరికి పోయిన. పక్కింటాయన నా ఈడువాడే, పామును సాదుతడు. కింగ్‌స్నేక్ అంటరట. నలుపు తెలుపు పట్టీలు, మన సోలాపూర్ దుప్పటి అంచు లెక్క. విషం లేదు గానీ, విషమున్న రాటిల్‌స్నేక్‌ను సుత మింగుతదట. ఎలుకను పెడుతుంటే నేను మొకం తిప్పుకున్న.

ఆయన 1976 నాటి 'హోటల్ కాలిఫోర్నియా' రికార్డు పెట్టి కండ్లు మూసుకున్నడు. ఆ ఏడు నేను మిల్లుల బదిలీ కార్మికుణ్ణి. నాకు పాట వినపడలే. ముప్పై ఏండ్లు సాంచల నడుమ నిలబడ్డ చెవులాయె, దూది పెట్టుకోమని కూడా ఎవరూ చెప్పలే. స్పీకరు మీద చెయ్యి పెట్టమని ఆయన సైగ చేసిండు. దరువు అరచేతికి తెలిసింది, మా షెడ్డు నేల అదిరినట్టే.

పాముకు బయటికి చెవులుండవు, అదురు ఒంటికే తెలుస్తదని బిడ్డ రెండుసార్లు గట్టిగా చెప్పింది.

"నాకూ వినపడ్తలేదు బిడ్డా" అన్న, మొదటిసారి.

"నాకు తెల్వదా నాయినా" అన్నది.