కుండ అడుగున

తెలుగు పంతుళ్ళకు ఒక జబ్బు వుంటుంది. విస్తట్లో ఏది వడ్డించినా, దాన్ని నోట్లో పెట్టుకునే ముందు దాని పేరుకు వ్యుత్పత్తి వెదుకుతారు. ఈలోగా అన్నం చల్లారిపోతుంది, వడ్డించిన ఇల్లాలు వేడెక్కుతుంది. ఈ జబ్బు నాకు ఇరవై యేళ్ళుగా వున్నది. మొన్న వేసవి సెలవులలో సింగపూరు వెళ్ళినప్పుడు దానికి తగిన మందు దొరికింది. ఆ మందు మట్టికుండలో, బొగ్గులమీద ఉడికి వచ్చింది.

మా చెల్లెలు అక్కడ కాపురముంటున్నది. బావగారిది కంప్యూటర్ల ఉద్యోగం. "ఇంతదూరం వచ్చి నా చేతి పప్పుచారే తిని వెళ్ళిపోతానంటే ఎలా అన్నయ్యా? ఈవేళ పొయ్యి వెలిగించను," అని ఒక సాయంత్రం చెల్లెలు ఆజ్ఞాపించింది. మా శ్రీమతికి కొంచెం బెదురు. "అక్కడ ఏమేమి తింటారో, ఏమిటో," అన్నది. "కోడివరకే మన హద్దు, వదినా. ఆ హద్దు నేను దాటనివ్వను," అని చెల్లెలు హామీ యిచ్చింది.

ముందు సౌత్ బ్రిడ్జి రోడ్డులో మారియమ్మన్ కోవెలకు వెళ్ళాము. 1827లో వెలసిన ఆలయమది. గోపురం మనది, చుట్టూ వీధులు చీనావారివి. దర్శనమయ్యాక నడుస్తూంటే, ఆ పేటను చీనా భాషలో "ఎద్దుబండి నీళ్ళు" అంటారని బావగారు చెప్పారు. మలయా భాషలో పేరు క్రెటా అయర్. అంటే నీళ్ళబండి. వెనకటి రోజుల్లో ఊరికి మంచినీళ్ళు ఎద్దుబళ్ళమీద తోలేవారట. అద్దాల మేడల నడుమ ఎద్దుబండి పేరు వినబడేసరికి నాకు ప్రాణం లేచివచ్చింది. వ్యుత్పత్తి మొదలుపెట్టబోయాను. "ముందు చోటు దొరకనీయండి," అని మా ఆవిడ నా మోచేయి పట్టి లాగింది.

మేం వెళ్ళిన భోజనశాల ఒక పెద్ద కట్టడంలో మేడమీద వున్నది. అక్కడివాళ్ళు హాకర్ సెంటర్ అంటారు. ఒక్క కప్పు క్రింద రెండు వందలకు పైగా దుకాణాలు! ఒక్కొక్కటి మన కిళ్ళీకొట్టుకు పెద్దన్నయ్యలాగా వుంటుంది. లోపల ఒకరో ఇద్దరో మనుషులు, పైన వెలుగుతున్న బోర్డు, ముందు బారు. మధ్యన బల్లలు, కదలకుండా బిగించిన కుర్చీలు. ఏ కొట్టులో కొన్నా ఎక్కడయినా కూర్చుని తినవచ్చు. ఒకప్పుడు ఈ వంటవాళ్ళంతా వీధుల్లో తోపుడుబళ్ళమీద అమ్ముకునేవారట. నీటి కుళాయిలూ, మురుగు కాలువలూ వున్న చోటుకు వాళ్ళను చేర్చాలని అక్కడి ప్రభుత్వం 1971 నుంచి 1986 వరకు ఇటువంటి శాలలు ఊరంతా కట్టించింది. 2020 డిసెంబరులో యునెస్కో వారు ఈ భోజన సంప్రదాయాన్ని మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చారు. మన పూటకూళ్ళమ్మకు మాత్రం ఇంతటి గౌరవం ఎవరూ చేసినట్లు లేదు.

ఖాళీ బల్ల కనబడగానే నేను కూలబడబోయాను. చెల్లెలు వారించింది. బల్లమీద చిన్న కాగితపు రుమాళ్ళ పొట్లం వున్నది. అదుంటే ఆ చోటు ఎవరో పట్టుకున్నారని అర్థమట. చూశారా, మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసరటానికీ దీనికీ ఏమిటి భేదం? మనం తువ్వాలు తీసి అవతల పారేసి పోట్లాడతాం, వాళ్ళు పొట్లాన్ని ముట్టుకోరు. అంతే భేదం.

చెల్లెలు ఒక కొట్టుకు వెళ్ళి చెప్పివచ్చింది. "ముప్పావుగంట పడుతుంది," అన్నది. నాకు కోపం వచ్చింది. ఇరవై అడుగుల దూరంలో, బారులో నిలుచున్న క్షణానికే పళ్ళెంలో పెట్టి యిచ్చే కొట్లు ఎన్నో వున్నవి. "ఇది అప్పటికప్పుడు బియ్యం పోసి వండే అన్నం అన్నయ్యా. తొందరపెడితే కుదరదు," అన్నది.

కాలక్షేపానికి లేచివెళ్ళి ఆ కొట్టు ముందు నిలబడ్డాను. చూద్దును గదా, వరసగా కుంపట్లు! ఎర్రని బొగ్గులమీద చిన్న చిన్న మట్టికుండలు. ఒక్కొక్క కుండకు చుట్టూ ఇనుపతీగ అల్లివున్నది. వేడికి బీటవారకుండా ఆ కట్టు. గ్యాసుపొయ్యి వచ్చాక కూడా బొగ్గులు విడవని కొట్లు అక్కడ కొన్ని మిగిలివున్నవి. వంటమనిషి ఒక కుండను త్రిప్పుతాడు, మరొకదాన్ని వాలుస్తాడు, ఇంకొక దాని అంచువెంట చెంచాతో నూనె జారవిడుస్తాడు. ఎవరితోనూ మాట్లాడడు. బియ్యం ఉడికి, పైన నీళ్ళు ఇంకి, ఆవిరి బుడగలు గుంటలు పెడుతున్న సమయాన మూత తీసి కోడిముక్కలు పరిచాడు. కొన్ని కుండలలో లాప్ చోంగ్ అనే ఎండబెట్టిన పందిమాంసపు తునకలు వేశాడు. మా కుండలో మాత్రం వాటికి బదులు ఉప్పుచేప ముక్క పడింది. ఆ వాసనకు నేను సముద్రాలు దాటి మా ఊరి ఎండుచేపల సంతలో దిగాను.

తిరిగివచ్చి నా పాండిత్యం ఒలకబోశాను. "గంజి వార్చకుండా, సరిగ్గా సరిపోయే నీళ్ళు పోసి వండితే మనం ఏమంటాం? అత్తెసరు! ఇది అచ్చంగా అత్తెసరు అన్నం."

"మీ విద్యార్థుల మార్కులకు తప్ప ఆ మాట ఇంకెక్కడా వినలేదండీ," అన్నది మా ఆవిడ.

నిజమే. పొయ్యిమీద పోయిన మాట పరీక్షలలో మిగిలింది. ఈ వంటను కాంటన్ ప్రాంతపు భాషలో "బో జాయ్ ఫాన్" అంటారని బావగారు చెప్పారు. బో అంటే కుండ, ఫాన్ అంటే అన్నం. నడుమనున్న జాయ్ అంటే పిల్ల, చిన్నది అని అర్థమట. చిట్టికుండ అన్నం అన్నమాట! హాంకాంగులో ఇది చలికాలపు తిండి. సింగపూరులో చలికాలమే లేదు. అయినా ఏడాది పొడుగునా చెమటలు తుడుచుకుంటూ తింటున్నారు. పుట్టింటి రుచికి ఋతువులతో పని లేదు కాబోలు.

ఇంతలో కుండ వచ్చింది. చెల్లెలు మూత తీసింది. పొగ కమ్మని ఆవిరి కళ్ళద్దాలు కప్పేసింది. పైన నల్లని, చిక్కని సోయా పులుసు, కాస్త నూనె పోసి, అడుగునుంచి పైకి కలియబెట్టింది. తెల్లని అన్నం చూస్తూండగా గోధుమరంగుకు తిరిగింది. మెతుకు మెతుకూ విడివిడిగా, నూనె మెరుపుతో వున్నది. చేప ఉప్పదనం, కోడి మెత్తదనం, పులుసులో కొంచెం తీపి. మా ఆవిడ రెండు ముద్దలు తిని, "బాగుందండీ," అన్నది. ఆమె నోట ఆ మాట పరాయి వంటకు రావటం మా పద్దెనిమిదేళ్ళ సంసారంలో నాకు జ్ఞాపకం లేదు.

కుండ సగం ఖాళీ అయ్యేసరికి అసలు యుద్ధం మొదలయింది. చెల్లెలు చెంచా తిరగేసి కుండ గోడలను బరబరా గీకటం ప్రారంభించింది. ఎర్రగా మాడిన పొర పెళపెళ లేచి వచ్చింది. మా మేనకోడలు, పదేళ్ళ పిల్ల, "నాకు, నాకు!" అని చేయి చాచింది. బావగారు కూడా గంభీరంగా తన పళ్ళెం ముందుకు జరిపారు. ఆ మాడుకోసమే జనం బొగ్గుల కొట్టును వెదుక్కుని వస్తారట. దానికి కాంటనీసులో ప్రత్యేకంగా పేరే వున్నది, ఫాన్ జియు అని. కుండను త్రిప్పటం, వాల్చటం, అంచున నూనె వెయ్యటం అంతా ఆ పొర నల్లబడకుండా ఎర్రబడటానికేనట.

నా చేయి ఆగిపోయింది. నాకు మా అమ్మ కనబడింది.

పాఠకులకు నా రహస్యం ఒకటి చెప్పాలి. అమ్మ పోయి మూడేళ్ళయింది. నాటినుంచి డిగ్రీ మొదటి సంవత్సరం క్లాసులో, మాతృమూర్తి ప్రసక్తి వచ్చినప్పుడల్లా, నేనొక ఉపన్యాసం ఇస్తూ వుంటాను. "తెలుగులో నడినెత్తినీ మాడంటాం, గిన్నె అడుగున అంటుకున్న అన్నాన్నీ మాడంటాం. ఆకలేస్తే కడుపు మాడిందంటాం. మా అమ్మ పైపై మెతుకులు మాకు పెట్టి, మాడు తాను తిని, కడుపు మాడ్చుకుని మమ్మల్ని నెత్తిన పెట్టుకుని పెంచింది." ఇక్కడికి వచ్చేసరికి నా కంఠం గద్గదమవుతుంది. ముందు బెంచీలలో ఆడపిల్లలు కళ్ళు తుడుచుకుంటారు. ఒకసారి చప్పట్లు కూడా కొట్టారు.

ఆ ఉపన్యాసమే కొంచెం కుదించి ఆ బల్ల దగ్గర చెప్పాను. "ఇక్కడ ఎగబడి తింటున్న ఈ మాడును, అమ్మ పాపం, గతిలేక తిన్నదే," అన్నాను.

చెల్లెలు చెంచా క్రింద పెట్టింది. నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, పకపకా నవ్వింది.

"గతిలేకనా? అన్నయ్యా, అమ్మ కావాలని మాడ్చేది! గంజి వార్చాక గిన్నెను మళ్ళీ నిప్పులమీదకు తోసి, ఒక్క పిసరు ఎక్కువసేపు మగ్గనిచ్చేది. నాన్నగారూ, నువ్వూ, చిన్నన్నయ్యా తిని లేచిపోయాక, అట్లకాడతో గీకి, ఆవకాయ ఊటా వెన్నా వేసి కలిపేది. పెరటి గుమ్మంలో కూర్చుని ఇద్దరం కరకర నమిలేవాళ్ళం. ఊళ్ళో కబుర్లన్నీ అప్పుడే. నాకు ఆవిడ చెప్పిన రహస్యాలన్నీ ఆ మాడు దగ్గర చెప్పినవే."

నేను తెల్లబోయాను. చిన్నప్పుడు ఒకసారి, "ఎందుకమ్మా అది తింటావు?" అని అడిగిన మాట జ్ఞాపకం వచ్చింది. "నాకిష్టంరా," అన్నది అమ్మ. పెద్దవాణ్ణయి, నాలుగు పుస్తకాలు చదివాక, అది తల్లులు చెప్పే తీపి అబద్ధమని నేనే నిర్ణయించాను. ఆవిడ నిజం చెప్పింది. నేను నమ్మలేదు. నమ్మకపోగా, ఆవిడ ఇష్టాన్ని తీసుకుపోయి త్యాగం క్రింద జమకట్టి, దానిమీద చప్పట్లు కొట్టించుకున్నాను.

"అయితే నా పాఠం అంతా తప్పేనా?" అన్నాను.

చెల్లెలు నవ్వు ఆపింది. "అంతా తప్పు కాదు. అన్ని రోజులూ వెన్నా ఆవకాయా కాదు గదా! గీకటానికి మాడు తప్ప మరేమీ మిగలని రోజులు కూడా వున్నాయి. ఆ రోజుల్లో సగం నాకు పెట్టి, తను మంచినీళ్ళు తాగి లేచేది. ఏ రోజు ఏదో నాకు తెలుసు. మీకు తెలియదు. మీరు అప్పటికే చేతులు కడుక్కుని వెళ్ళిపోయేవాళ్ళు."

ఆమె ఈ మాట నిష్ఠూరంగా అనలేదు. ఒక లెక్క అప్పగించినట్లు అన్నది. అందుకే కాబోలు, సూటిగా తగిలింది. చుట్టూ వందలమంది తింటున్నారు, గిన్నెలు చప్పుడవుతున్నవి. మా బల్ల దగ్గర కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు.

తప్పు దిద్దుకోవాలనే తొందర పంతుళ్ళకు సహజం. కుండలో మిగిలిన ఎర్రని మాడుచెక్కను జాగ్రత్తగా లేపి, మా ఆవిడ పళ్ళెంలో వేశాను. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది.

"నాకిది వద్దండీ. పళ్ళకు గుచ్చుకుంటుంది. నాకు మెత్తని అన్నమే ఇష్టం," అన్నది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఇన్నాళ్ళూ అడగలేదుగా!"

బావగారు పైకప్పు వంక చూశారు. చెల్లెలు నా పళ్ళెంలోని మెత్తని మెతుకులు తీసి వాళ్ళ వదిన పళ్ళెంలోకి మార్చింది. మాడు నాకు మిగిలింది. కొరికాను. మొదట చేదు తగులుతుందనుకున్నాను. కాదు, వేయించిన గింజల కమ్మదనం, వెనకనుంచి పొగ, ఆ తరువాత నమిలినకొద్దీ తీపి. నలభైయారేళ్ళు వచ్చాక నేను మొదటిసారి రుచి చూసిన మా అమ్మ భోజనం అది.

తినటం ముగిసింది. అలవాటు ప్రకారం లేచి, చేతులు కడుక్కునే చోటు ఎక్కడని చూస్తున్నాను. మేనకోడలు నా చొక్కా పట్టుకున్నది. "మామయ్యా, అలా వెళ్ళిపోకూడదు. తిన్న పళ్ళాలు మనమే తీసుకువెళ్ళి అక్కడ పెట్టాలి. లేకపోతే జరిమానా వేస్తారు!" అన్నది. 2021 సెప్టెంబరు నుంచి ఆ భోజనశాలల్లో ఈ నిబంధనను గట్టిగా అమలు జరుపుతున్నారట.

నేను పళ్ళాలన్నీ ట్రేలో పేర్చాను. మధ్యన కుండ పెట్టాను. మా శ్రీమతి సాయం రాబోతే వద్దన్నాను. పదిమంది మధ్యనుంచి ఆ ట్రే పట్టుకుని నడుస్తూంటే, కుండ అడుగున వేలెడు మాడు ఇంకా అంటుకుని వుండటం కనబడింది. ట్రేను అరమీద పెట్టి, అటూ ఇటూ చూసి, చెంచాతో గీకి నోట్లో వేసుకున్నాను.

వెనక్కు తిరిగేసరికి చెల్లెలు చూడనే చూసింది. ఏమీ అనలేదు. చిన్నప్పుడు పెరటి గుమ్మంలో అమ్మ ప్రక్కన ఎలా నవ్వేదో, అలా నవ్వింది.