పద్మావతి పోయి వకుళమాత వచ్చె!

మా కోడలు కాపురానికొచ్చి పది రోజులైంది. వంటింటి పెత్తనం జారిపోతోందని లోలోపల నాకు ఒకటే దిగులు. ఎవరితో చెప్పుకోను?

ఆ ఆదివారం బనగానపల్లెలో మా ఇంట మామిడిపళ్లు కోసుకుంటూ టీవీ ముందు కూర్చున్నాం. 1960 నాటి ‘శ్రీ వెంకటేశ్వర మహత్మ్యం’ వస్తోంది. వకుళమాత కనిపించగానే మా అత్తగారు, ‘‘మన ప్రొద్దుటూరు శాంతకుమారి!’’ అన్నారు, తోబుట్టువును చూసినంత సంబరంగా.

1920లో ప్రొద్దుటూరులో పుట్టిన సుబ్బమ్మే ఆవిడ. 1936లో ‘శశిరేఖా పరిణయం’లో శశిరేఖగా తెరకెక్కింది. దర్శకుడు పి. పుల్లయ్యను పెళ్లాడింది. ఆయన 1939లో ఇదే కథ తీసినప్పుడు ఆవిడే పద్మావతి. ఇరవై ఒక్కేళ్లకు మళ్లీ తీస్తే పద్మావతి సావిత్రి, ఈవిడ వకుళమాత! 2006లో ఆవిడ కన్నుమూసినా, జనానికి గుర్తున్నది ఆ తల్లే.

‘‘పెళ్లికూతురి వేషం పోయిందని మూల కూర్చునిందా? తల్లి వేషం కట్టి, పాటా తనే పాడింది’’ అన్నారు అత్తగారు, నా వైపు చూడకుండానే.

నాకు చురుక్కుమంది. ముప్పై ఏళ్ల క్రితం ఈ వంటిల్లు నా చేతికిచ్చినావిడ ఆవిడే మరి!

‘‘అమ్మాయ్, రేపు పప్పు నువ్వే చెయ్యి’’ అన్నాను కోడలితో. ‘‘ఉప్పు మాత్రం నేను చూస్తాలే!’’