ఊరే ఇంటిపేరు: పీళమేడు

కోయంబత్తూరులో విమానం దిగి అవినాశి రోడ్డెక్కితే చాలు, పి.ఎస్.జి. అన్న మూడక్షరాలు వెంటపడతాయి. ఆసుపత్రి మీద అవే, ఇంజనీరింగు కాలేజీ మీద అవే, పాలిటెక్నిక్ మీదా అవే. మనవైపు మనిషైతే ‘పి’ చూడగానే ఏ పోతినేనివారో, పెమ్మసానివారో అనుకుంటాడు. ఆ ‘పి’ ఇంటిపేరు కాదు. పూర్తి పేరు పీళమేడు సామనాయుడు గోవిందస్వామి నాయుడు. మొదటి అక్షరం ఊరిది, రెండోది తండ్రిది, మూడోది తనది. తమిళదేశపు పద్ధతి అది. కోయంబత్తూరు కమ్మ నాయుళ్ళకు ఇంటిపేర్లు లేకపోలేదు. పెళ్ళి సంబంధం మాట్లాడుకునేటప్పుడు బయటికొస్తాయి, సంతకంలోకి మాత్రం రావు. అక్కడ ఊరు కూచుంది.

ఆ ఊరికి పేరిచ్చింది ఒక కలుపు మొక్క. పూళై అంటే మన కొండపిండి, తెల్లటి దూదికంకుల మొక్క. అది మొలిచిన మెట్ట పూళైమేడు, జనం నోట్లో నలిగి పీళమేడైంది. పక్క ఊరు ఆవారంపాళయం. ఆవారం అంటే తంగేడు. కోయంబత్తూరు ఉన్న కొంగునాట సంక్రాంతి ముందురోజు పూళైపువ్వు, తంగేడు పువ్వు, వేపరెమ్మ కలిపి కట్టి ఇంటి చూరుకు దోపుతారు. ఆ ఒక్క కట్టలో రెండు ఊళ్ళున్నాయి. కొండపిండి, తంగేడు ఏపుగా పెరిగే చోట నీళ్ళుంటాయని ఎవరూ ఆశపడరు. ఇది మెట్టభూమి.

తమిళనాట తెలుగు అనగానే మనకు మదురై గుర్తొస్తుంది. 1529లో విశ్వనాథ నాయకుడు, డెబ్బైరెండు పాళెగాళ్ళు, 1636 నాటి తిరుమల నాయకుడి మహలు, విజయరంగ చొక్కనాథుడి కొలువులో వచన కావ్యాలు. అక్కడ తెలుగు సింహాసనమెక్కింది, 1736తో దిగిపోయింది. కోయంబత్తూరు చుట్టుపక్కలి తెలుగు కథ వేరు. ఇక్కడివాళ్ళు చెప్పుకునేది నాగలి పట్టిన కథ. విజయనగరం రోజుల్లో తరలివచ్చామంటారు. ఆడపిల్లను కాపాడుకోవడానికి రాత్రికి రాత్రి ఊరు విడిచామనీ, అడ్డొచ్చిన నదిని చెట్టు వంగి దాటించిందనీ దక్షిణాదిలో స్థిరపడ్డ చాలా తెలుగు కులాల అవ్వలు చెబుతారు. కోవిల్‌పట్టి వైపు కమ్మవారి వలసను కి. రాజనారాయణన్ తమిళంలో ‘గోపల్ల గ్రామం’ నవలగా రాశాడు. చెట్టు వంగిందో లేదో గానీ, వచ్చినవాళ్ళు ఎక్కడ ఆగారో చూస్తే నమ్మకం కుదురుతుంది: నల్లరేగడి కనిపించిన చోటల్లా.

నల్లరేగడిలో పత్తి వేశారు, రాతిపొరలు తొలిచి బావులు దింపారు, ఎద్దులతో కపిల తోలారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కంబోడియా పత్తి వచ్చి బావి కింద సేద్యానికి లాభం చూపించింది. పత్తి ఉన్నచోటికి గింజ తీసే మర వచ్చింది, దాని వెనకే నూలు మిల్లు. కోయంబత్తూరులో తొలి మిల్లు 1888లో రాబర్ట్ స్టేన్స్ అనే తెల్లదొర పెట్టాడు. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు పాపనాయకన్‌పాళయంలో లక్ష్మీ మిల్స్ మొదలుపెట్టాడు. 1930ల్లో నీలగిరుల నుంచి పైకారా జలవిద్యుత్తు దిగేసరికి అవినాశి రోడ్డు పొడుగునా పొగగొట్టాలు లేచాయి. పత్తి పండించినవాడి కొడుకు మిల్లు యజమాని కావడం దేశంలో అన్నిచోట్లా జరగలేదు. వ్యాపారి కులాల చేతుల్లో ఉండే పనిని ఇక్కడ రైతు లాక్కున్నాడు. ఈ ఊరి కలిమికి మూలం అదే.

గోవిందస్వామి నాయుడికి నలుగురు కొడుకులు. 1926లో ఆస్తి పంపకాలు చేసుకుంటూ వాళ్ళు ఐదు వాటాలు వేశారు. ఐదోది ధర్మానికి. పి.ఎస్.జి. అండ్ సన్స్ చారిటీస్ పుట్టుక అది. అంతకు రెండేళ్ళ ముందే సర్వజన హైస్కూలు పెట్టారు. ఆ పేరులోని ‘సర్వజన’ను ఆ కాలానికి పెట్టి చూడాలి. 1951లో టెక్నాలజీ కాలేజీ వచ్చింది. దాని పక్కనే మోటార్లు, లేతు యంత్రాలు చేసే ఫ్యాక్టరీ. కుర్రవాడు గదిలో విన్నది గోడ అవతల ఇనుములో చూడాలన్నది పద్ధతి. హెచ్.సి.ఎల్. కంపెనీ పెట్టిన శివ్ నాడార్ ఇక్కడ చదివినవాడే. ఆ కాలేజీకి తొలి ప్రిన్సిపాలు, ఆ ఇంటివాడే అయిన జి.ఆర్. దామోదరన్ ‘కలైక్కదిర్’ అనే సైన్సు పత్రిక నడిపాడు. ఏ భాషలో? తమిళంలో. తెలుగు ఇంట్లో పుట్టినవాడు తమిళ పిల్లలకు భౌతికశాస్త్రం తమిళంలో చెప్పాడు. మనవాడైతే మనకేం చేశాడని అడగడం మన అత్యాశ.

కలిమి కథలో ఇంకో పేజీ ఉంది. 1946 జనవరి 8న కోయంబత్తూరు జైల్లో నలుగురు మిల్లు కార్మికుల్ని ఉరితీశారు. పీళమేడు రంగవిలాస్ మిల్లు గొడవల్లో జరిగిన హత్య కేసు అది. చిన్నియంపాళయం త్యాగులని ఏటా ఆ రోజున ఎర్రజెండాలతో తలుచుకుంటారు. పొగగొట్టాల గురించి మాట్లాడేవాళ్ళు ఈ తేదీని దాటేసి పోకూడదు.

ఇక మోటారు సంగతి. సూలూరు దగ్గర కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడికి బడి పడలేదు, యంత్రం పడింది. ఒక దొర మోటారు సైకిలు చూసి అలాంటిది కొనుక్కోవాలని హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టాడు. 1920లో పొల్లాచి, పళని మధ్య ఒకే ఒక్క బస్సు తనే నడిపాడు. 1937లో డి. బాలసుందరం నాయుడితో కలిసి పీళమేడులో విద్యుత్ మోటారు తయారుచేశాడు. దేశంలో తయారైన తొలి మోటారు అదేనంటారు. కపిల తోలిన ఎద్దులకు విశ్రాంతి దొరికింది అప్పటినుంచే. ఆ దారిలోనే కోయంబత్తూరు పంపుల ఊరైంది. అనంతపురం రైతు బోరులోకి దించే టెక్స్‌మో మోటారు ఇక్కడిదే. తెలుగునాడు వదిలి వచ్చినవాళ్ళ ఊరు తెలుగునాట నీళ్ళు తోడుతోంది, ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

మిల్లులు ఇప్పుడు చాలావరకు మూతబడ్డాయి, లేదా ఊరు దాటిపోయాయి. లక్ష్మీ మిల్స్ ఆవరణలో కాఫీలు తాగుతున్నారు. పీళమేడు చుట్టూ టైడల్ పార్కు, అపార్టుమెంట్లు, హాస్టళ్ళు వచ్చాయి. పాత ఇళ్ళలో తెలుగు ఇంకా వినిపిస్తుంది. తండ్రి ‘నైనా’, నాయనమ్మ ‘అవ్వ’. ‘ఉన్నారు’ అనరు, ‘ఉండారు’ అంటారు. మన చిత్తూరువాళ్ళకు ఆ మాట చుట్టరికంలా తోస్తుంది. మధ్యమధ్య తమిళం దొర్లుతుంది. తెలుగు రాత మాత్రం లేదు. శుభలేఖ తమిళంలోనో ఇంగ్లిషులోనో అచ్చవుతుంది, పెళ్ళి పందిట్లో పిలుపులు తెలుగులో సాగుతాయి. నాలుగైదు వందల ఏళ్ళు అక్షరం ఆసరా లేకుండా నోటి మీద బతికిన భాష ఇది. బళ్ళూ పుస్తకాలూ ఉండి కూడా పిల్లలతో ఇంగ్లిషు మాట్లాడే మనం దాన్ని చూసి జాలిపడక్కర్లేదు.

2025 అక్టోబరు 9న అవినాశి రోడ్డు మీద 10.1 కిలోమీటర్ల వంతెన తెరిచారు. జి.డి. నాయుడి పేరు పెట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే వీధుల పేర్లలోంచి కులం తీసెయ్యాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మరి ‘నాయుడు’ సంగతేమిటని రచ్చ జరిగింది. తీసేస్తే గోపాలస్వామి కొడుకు దొరస్వామి మిగులుతాడు, ఆయనెవరో ఊళ్ళో ఎవరికీ తెలియదు. విమానానికి వేళైపోతే ఆ వంతెనే ఎక్కాలి. పీళమేడు చూడాలంటే మాత్రం కింద రోడ్డున, హోప్ కాలేజీ సిగ్నలు దగ్గర ఆగుతూ పోవాలి.