తప్పు కొత్తదానిదేనా?



ఈ వారం మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి మీతో పంచుకోవాలనుకుంటున్నాము. ఇది కంప్యూటర్ సంగతే అయినా, ఓపికగా చివరిదాకా చదవండి.

మా ముందుగదిలో బల్ల కింద ఒక పాత కంప్యూటర్ ఉన్న సంగతి మా ఇంటికి వచ్చిన వారికి తెలుసు. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. పగలూ రాత్రీ సన్నగా గుయ్యిమంటూ ఉంటుంది. ఇంట్లో వాళ్ల ఫోన్లలోని ఫొటోలు, వీడియోలు అన్నీ అందులోకి చేరతాయి. మా పెళ్లి ఫొటోలు, పిల్లల చిన్ననాటి ఫొటోలు అందులోనే ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, మా అమ్మ చనిపోకముందు పాడిన పాటలు, చెప్పిన కబుర్లు అందులో ఉన్నాయి. ఆ గొంతు మాకు ఇంకెక్కడా లేదు.

అవన్నీ రెండు టెరాబైట్ల ఒకే ఒక్క హార్డ్ డిస్కులో ఉండేవి. దానికి ఆరేళ్ల వయసు. అది ఆగిపోతే అమ్మ గొంతు కూడా ఆగిపోతుంది. ఆ భయంతోనే పట్నం వెళ్లి నాలుగు టెరాబైట్ల కొత్త డిస్కు తెచ్చి, పాతదాని పక్కన బిగించాము. అన్నీ ఇంకొక ప్రతి తీసి పెట్టుకుందామని మా ఆలోచన.

బిగించగానే మొదటి అనుమానం మొదలైంది. నాలుగు అని డబ్బు తీసుకున్నారు గదా, కంప్యూటరేమో 3.6 అని చూపిస్తోంది! మోసపోయాము అనుకున్నాము. తర్వాత తెలిసింది, అది మోసం కాదు, లెక్కలో తేడా. డిస్కు చేసేవారు వెయ్యి చొప్పున లెక్కకట్టి నాలుగు లక్షల కోట్ల బైట్లను నాలుగు టెరాబైట్లు అంటారు. కంప్యూటరేమో 1024 చొప్పున లెక్కకడుతుంది. కొలత వేరు, సరుకు అదే.

ఆ రాత్రి కాపీ పెట్టి పడుకున్నాము. తెల్లవారి చూస్తే పని సగంలో ఆగిపోయి ఉంది. కొత్త డిస్కు అసలు కనబడటమే లేదు. ఆపి మళ్లీ వేస్తే వచ్చింది. గంట తర్వాత మళ్లీ మాయమైంది. ఇలా మూడుసార్లు జరిగింది.

ఇక మాకు కోపం ఆగలేదు. దుకాణం అబ్బాయికి ఫోన్ చేశాము. "పాడైపోయిన సరుకు అంటగడతావా బాబూ? తెలిసినవాడివని నీ దగ్గరికి వస్తే ఇదేనా?" అన్నాము. అతడు నెమ్మదిగా, "అయ్యగారూ, ఒక్కసారి పరీక్ష చేసి చూడండి. డిస్కుదే తప్పయితే తప్పకుండా మార్చి ఇస్తాను" అన్నాడు. మేము సరిగ్గా వినకుండానే పెట్టేశాము.

మన పల్లెల్లో ఒక మాట ఉంది గదా, కోడలు వచ్చిన వేళావిశేషం అని. ఇంటికి కొత్తకోడలు వచ్చిన నెలలోనే గేదె చచ్చినా, పంట పోయినా, ఆ నింద ఆ పిల్ల మీదే పడుతుంది. మేమూ అదే చేశాము. అంతా బాగానే ఉండేది, ఇది వచ్చాకే గొడవ, కాబట్టి తప్పు దీనిదే అని తీర్పు తీర్చేశాము.

సాయంత్రానికి కోపం చల్లారింది. అబ్బాయి చెప్పినట్టే పరీక్ష మొదలుపెట్టాము. ప్రతి డిస్కూ తన ఆరోగ్యం గురించి ఒక పట్టిక రాసుకుంటుంది. దాన్ని స్మార్ట్ అంటారు. అందులో 5వ నంబరు పాడై పక్కన పెట్టేసిన చోట్ల లెక్క. 197వ నంబరు చదవలేక అనుమానంలో ఉంచిన చోట్ల లెక్క. మా కొత్తదానిలో రెండూ సున్నాలే. కానీ 199వ నంబరులో 214 ఉంది. పంపిన సమాచారం దారిలో చెడిపోయి, మళ్లీ పంపాల్సి వచ్చిన ప్రతిసారీ పెరిగే లెక్క అది.

తర్వాత డిస్కు చేత దీర్ఘపరీక్ష చేయించాము. రాత్రంతా పట్టింది. ఈ పరీక్షలో డిస్కు తన లోపల తానే మొదటినుండి చివరిదాకా చదువుకుంటుంది. సమాచారం బయటి తీగ గుండా పోవలసిన అవసరం ఉండదు. పొద్దున్నే ఫలితం వచ్చింది. ఏ లోపమూ లేదు.

లోపల బాగుంది, దారిలో చెడుతోంది. అయితే ఆ దారి ఏది?

పెట్టె తెరిచాము. ఇంట్లో ఆవిడ టార్చి పట్టుకుని, "ఈ ఎర్ర తీగ ఎక్కడిది?" అని అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది. కొత్త డిస్కుతో తీగ రాకపోతే, సొరుగులో ఎన్నేళ్లనుండో పడి ఉన్న పాత తీగ మేమే తీసి పెట్టాము. దాని కొసకు పట్టుకునే క్లిప్పు లేదు. పెట్టె మూత వేసినప్పుడు మడతపడి నలిగిపోయింది. వేలితో తాకితే కదులుతోంది.

ఆ తీగను పాత డిస్కుకు పెట్టి చూద్దామన్న ఆలోచన వచ్చింది గానీ, మానుకున్నాము. ఉన్న ఒక్క ప్రతిని పరీక్షకు పెట్టకూడదు. 120 రూపాయలు పెట్టి క్లిప్పున్న కొత్త తీగ తెచ్చి బిగించాము. మిగతాది ఏదీ మార్చలేదు. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది బాగుచేసిందో తెలియదు గదా.

కాపీ ఒక రాత్రి, ఒక పగలు నడిచింది. ఒక్కసారి కూడా ఆగలేదు. 199వ నంబరు చూస్తే 214 దగ్గరే నిలిచి ఉంది. ఆ లెక్క మళ్లీ సున్నా కాదు. జరిగిన తప్పు అందులో అలాగే ఉంటుంది. కానీ పెరగడం ఆగిందంటే, తప్పు సరిదిద్దుకున్నామని అర్థం.

అప్పుడు దుకాణం అబ్బాయికి ఫోన్ చేశాము. మొదటి ఫోన్ కంటే ఇదే కష్టమైంది. "బాబూ, తప్పు మాదే. మా తీగదే. నిన్ను ఊరికే అన్నాము, క్షమించు" అన్నాము. అతడు నవ్వి, "పర్లేదు అయ్యగారూ, అందరూ ముందు డిస్కునే అంటారు" అన్నాడు. పర్లేదు అన్నాడు గానీ, మా మాట అతని మనసులో 214 లాగే ఉండిపోతుందని మాకు తెలుసు. ఇకమీదట పెరగకుండా చూసుకోవడమే మా వంతు.

ప్రియులారా, మీ ఇంట్లోకి, మీ సంఘంలోకి, మీ పనిలోకి కొత్తగా వచ్చినవారి మీద ఏదైనా నింద పడినప్పుడు ఒక్క క్షణం ఆగండి. వారిని కలుపుకోవడానికి మనం వేసిన తీగ ఎలా ఉందో చూసుకోండి.

ఇంకొక మాట. రెండు డిస్కులూ ఒకే పెట్టెలో ఉంటే ఒకే పిడుగుకు రెండూ పోతాయి. అందుకని మూడో ప్రతి తీసి మా చెల్లెలి ఇంట్లో పెట్టబోతున్నాము. మీరూ అలా చేయండి. కాపీ చేసి ఊరుకోకండి, తెరిచి చూసుకోండి.

మేము నిన్న రాత్రి కొత్త డిస్కులోనుండి అమ్మ పాట పెట్టాము. మధ్యలో ఆమె దగ్గి, "ఆగు, మళ్లీ పాడతాను" అంటుంది. అదీ వచ్చింది.