వచ్చేశా, ఇంకా రాలేదు

మా స్కూల్లో ఇంగ్లీషు అంటే ఒక పాట. పొద్దున్నే లేచి నిలబడి ‘గో వెంట్ గాన్, కమ్ కేమ్ కమ్, ఈట్ ఏట్ ఈటెన్’ అని అందరం కలిసి రాగం తీసేవాళ్ళం. ‘కట్ కట్ కట్’ దగ్గరికి వచ్చేసరికి క్లాసంతా ఊపందుకునేది. తప్పు చెబుదామన్నా అక్కడ వీలు లేదు మరి. వీ వన్, వీ టూ, వీ త్రీ అని నిలువు గీతలు కొట్టుకున్న నోటుబుక్కుని అట్ట ఊడిపోయేదాకా వాడాను. ఆ పట్టిక కంఠతా వస్తే ఇంగ్లీషు వచ్చేసినట్టేనని మా సారు నమ్మారు. సారు నమ్మారు కాబట్టి నేనూ నమ్మాను.

ఖమ్మం దాటేదాకా ఆ నమ్మకానికి ఏ ఇబ్బందీ రాలేదు. డిగ్రీ అయ్యాక అందరిలాగే హైదరాబాదు బస్సెక్కి అమీర్‌పేటలో దిగాను. మైత్రీవనం చుట్టూ ఏ గోడ చూసినా ఒక సాఫ్ట్‌వేర్ కోర్సు, దాని పక్కనే ఒక స్పోకెన్ ఇంగ్లీషు. రెండింట్లోనూ చేరాను. ఒకరోజు స్పోకెన్ ఇంగ్లీషు సారు ‘నిన్న ఎందుకు రాలేదు?’ అని ఇంగ్లీషులో అడిగితే, ‘ఐ డిడ్ నాట్ కేమ్ సార్’ అన్నాను. నా లెక్క నాకుంది. జరిగింది నిన్న, కాబట్టి కేమ్. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ‘డిడ్ ఉండగా మళ్ళీ కేమ్ ఎందుకు బాబూ, ఒక బస్సుకి ఇద్దరు కండక్టర్లా?’ అన్నారు. క్లాసు నవ్వింది. నేను ‘డిడ్ తర్వాత వీ వన్’ అని రాసుకుని, అండర్‌లైన్ చేసుకుని, మరుసటి వారం మళ్ళీ ‘డిడ్ నాట్ వెంట్’ అన్నాను.

ఇందులో విచిత్రం ఏమిటంటే, నేను పుట్టినప్పటి నుంచీ తెలుగులో చేస్తున్నది అదే పని. వెళ్ళాను అంటాం. కాదని చెప్పాలంటే ‘వెళ్ళాను లేదు’ అనం, వెళ్ళలేదు అంటాం. అయిపోయిన సంగతని చెప్పే బరువంతా ‘లేదు’ మోస్తుంది, అసలు క్రియ ఊరికే ముందు నిలబడుతుంది. ఇంగ్లీషులో డిడ్ చేసేదీ అదే. ఈ ముక్క ఎవరైనా మొదటిరోజే చెప్పి ఉంటే నాకు ఆ అండర్‌లైన్ అక్కర్లేకపోయేది. గోకీ వెంట్‌కీ పొంతనే లేదని తిట్టుకున్న రోజులున్నాయి. వెంట్ నిజానికి వెండ్ అనే వేరే పాత క్రియది. గో దాన్ని వందల ఏళ్ళ కిందటే తెచ్చుకుని సొంతం చేసుకుంది. మనమేమైనా తక్కువ తిన్నామా? వచ్చాను అన్నవాళ్ళం కాదనడానికి రాలేదు అంటాం. ఆ రెంటికీ పొంతన ఏదో మా అమ్మనడిగితే ఏం చెబుతుంది!

ఉచ్చారణ సంగతి రెండు మాటల్లో ముగిస్తాను, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. స్పెల్లింగులో చివర ఈడీ కనిపిస్తే చాలు ‘ఎడ్’ అనేవాణ్ణి. వాకెడ్, టాకెడ్, లాఫెడ్. క్రియ చివర ట్, డ్ చప్పుడు ఉన్న వాంటెడ్, నీడెడ్ లాంటి వాటికే ఆ ఎడ్ వినిపిస్తుందనీ, మిగతావన్నీ వాక్ట్, లాఫ్ట్, కాల్డ్ అంటూ ఒక్క ఊపులో పోతాయనీ ఉద్యోగంలో చేరాక ఆఫీసు క్యాబులో పక్కన కూర్చున్న అమ్మాయి చెప్పింది. అప్పటిదాకా ఎంతమంది ముందు లాఫెడ్ అన్నానో.

ఇవన్నీ చిన్నవే. ‘డిడ్ నాట్ కేమ్’ అన్నా ఎదుటివాళ్ళకి సంగతి తెలిసిపోతుంది, కాస్త నవ్వుకుంటారు, అంతే. వ్యాకరణం ప్రకారం వాక్యం శుభ్రంగా ఉండి, అర్థం మాత్రం ఎటో వెళ్ళిపోయిన సందర్భాలే నా కొంప ముంచాయి.

ఉద్యోగం ఇంటర్వ్యూలో మీ దినచర్య చెప్పమన్నారు. రోజూ ఐదింటికి లేస్తానని గొప్పగా చెప్పుకోవాలని ‘ఐ యూస్డ్ టు గెటప్ ఎట్ ఫైవ్’ అన్నాను. ‘అండ్ నౌ?’ అన్నాడాయన. ఇప్పుడూ ఐదే కదా, ఇదేం ప్రశ్న అనుకున్నాను. ఒకప్పుడు లేచేవాణ్ణి, ఇప్పుడు మానేశానని నేనే ఒప్పుకున్నట్టయిందని అప్పుడు తెలియదు. తర్వాత ఇంటి సంగతి అడిగితే, ‘మై ఫాదర్ వజ్ ఎ ఫార్మర్’ అన్నాను. తెలుగులో ‘మా నాన్న రైతు’ అంటే సరిపోతుంది, మధ్యలో ఏ క్రియా అక్కర్లేదు. ఇంగ్లీషులో ఏదో ఒకటి పెట్టక తప్పదు కదా, ఈజ్ కన్నా వజ్ కాస్త గంభీరంగా ఉందనిపించింది. ఆయన మొహం మెత్తబడింది. ‘ఓహ్, ఐయామ్ సారీ’ అన్నాడు. ఎందుకు సారీ చెప్పాడో అర్థం కాక, పెద్దమనసు చేసుకుని ‘ఇట్స్ ఓకే సార్’ అన్నాను. సాయంత్రం ఆ ‘వజ్ ఎ ఫార్మర్’కే ఫోన్ చేసి ఇంటర్వ్యూ బాగా జరిగిందని చెప్పాను. పత్తికి మందు కొట్టి ఇప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నానన్నారు నాన్న.

ఉద్యోగం వచ్చింది. దానితోపాటు హ్యాడ్ మీద మోజు పట్టుకుంది. మా ఆఫీసులో అందరూ హ్యాడ్‌తోనే మాట్లాడేవాళ్ళు. ‘ఐ హ్యాడ్ సెంట్ ది ఫైల్ ఎస్టర్‌డే’ అంటే ‘సెంట్’ అన్నదానికన్నా రెండింతలు పంపినట్టు. ఒకసారి కాల్‌లో ఆ వాక్యం చెప్పి ఆగాను. అవతల అమెరికాలో ఉన్నావిడ కూడా ఆగింది. లైను తెగిందేమోనని ‘హలో’ అన్నాను. ‘యెస్, గో ఆన్’ అంది. చెప్పడానికి నా దగ్గర ఇంకేం లేదు. హ్యాడ్ సెంట్ అనగానే ఆవిడకి కథ మొదలైనట్టు వినిపించింది. ఫలానాది జరగకముందే నేను పంపేశాను, ఆ ఫలానాది ఏమిటా అని చూస్తోంది. ఊరికే ‘సెంట్’ అని ఉంటే ఇద్దరం ఇంకాస్త ముందే భోజనాలకి లేచేవాళ్ళం. మీరు నవ్వుతున్నారేమో. ఒకసారి మీ సెంట్ మెయిల్స్ తీసి హ్యాడ్ అని వెతికి చూడండి.

ఇంత చేసీ వ్యాకరణంలో నాకు నేనే పెద్ద. ఆవిడ కాల్ మొదట్లో ‘డిడ్ యూ ఈట్ యెట్?’ అంటే లోలోపల నవ్వుకునేవాణ్ణి. బ్రిటిష్ కాలం నాటి రెన్ అండ్ మార్టిన్ చదివినవాణ్ణి, అక్కడ హ్యావ్ యూ ఈటెన్ అనాలని నాకు తెలుసు, పాపం ఆవిడకి తెలియదు. అమెరికాలో మామూలుగా అలాగే అంటారనీ, హ్యావ్ అనేది బ్రిటిష్‌వాళ్ళ అలవాటనీ తర్వాత తెలిసింది. ఆలోచిస్తే మన ‘తిన్నారా?’కి ఆవిడ మాటే దగ్గర.

అసలు దెబ్బ ఆవిడ మెయిల్‌తోనే తగిలింది. ఒక బుధవారం రాసింది: ‘ఐ వజ్ హోపింగ్ యూ కుడ్ సెండ్ ది టెస్ట్ రిపోర్ట్ బై ఫ్రైడే’. శ్రద్ధగా చదివాను. వజ్, అంటే అయిపోయింది. హోపింగ్, ఆశపడటం. కుడ్, అంటే క్యాన్‌కి పాస్ట్ టెన్స్, పట్టికలోనే ఉంది. వెరసి, ‘శుక్రవారానికి పంపగలిగేవాడివేమోనని ఆశపడుతూ ఉండేదాన్ని’. పాపం, ఆశ వదులుకుంది. కాస్త చిన్నబుచ్చుకున్నాను, దానికన్నా ఎక్కువ తేలికపడ్డాను. పక్క సీటు కుర్రాడితో ‘క్లయింటు మంచి మనిషి, ఒత్తిడి పెట్టదు’ అని కూడా అన్నాను. శుక్రవారం రాత్రి బస్సెక్కి ఖమ్మం వెళ్ళిపోయాను. రిపోర్టుకి మిగిలి ఉన్నది ఒక పూట పని.

సోమవారం సాయంత్రం 7:30కి కాల్. ఆవిడ మామూలు గొంతుతోనే, ‘డిడ్ ఐ మిస్ యువర్ రిపోర్ట్?’ అంది. ఆవిడని ఓదార్చాలనిపించింది. ‘నో నో, యూ డిడ్ నాట్ మిస్’ అన్నాను. అవతల చప్పుడు లేదు. మా లీడ్ చెయ్యి చాచి మ్యూట్ నొక్కాడు.

‘రిపోర్టు పంపలేదా?’

‘లేదు. అక్కర్లేదందిగా.’

‘ఎప్పుడంది?’

మెయిల్ తీసి చూపించాను. వజ్ మీద వేలు పెట్టి మరీ చూపించాను. లీడ్ ఆ వేలుకేసి చూశాడు, నాకేసి చూశాడు. మ్యూట్ తీసి, తెల్లారేసరికి రిపోర్టు మీ దగ్గర ఉంటుందని చెప్పి, కాల్ ముగించాక తన ఇన్‌బాక్స్ తెరిచాడు. ‘ఇది చదువు తమ్ముడూ. ఇది కూడా.’ ఐ వజ్ వండరింగ్. ఐ వాంటెడ్ టు ఆస్క్. ఐ థాట్ వియ్ మైట్. పాస్ట్ టెన్స్‌లోనే వరసగా ఉన్నాయి, వాటిలో అయిపోయింది ఒక్కటీ లేదు. అన్నీ ఇవాళ కావలసినవే. ‘కావాలి అని మొహం మీద అనకుండా, అనుకున్నాను అని ఒక అడుగు వెనక్కి వేసి అడుగుతారు. కుదరదని చెప్పడానికి నీకు కాస్త చోటు వదులుతారు. కుడ్ యూ అన్నా అంతే’ అన్నాడు.

నాకు వినపడటం లేదు. నేను నా ఇన్‌బాక్స్ గురించి ఆలోచిస్తున్నాను. ఆ రాత్రి రిపోర్టు పంపాక, ఆవిడ పాత మెయిల్స్ ఒక్కొక్కటీ తెరిచాను. ‘ఐ జస్ట్ వాంటెడ్ టు చెక్ ఇఫ్ ది ఇష్యూ ఈజ్ ఫిక్స్‌డ్’ అని ఒకటి. దానికి నా జవాబు: ‘ఓకే, థాంక్స్’. చెక్ చేద్దామనుకుంది, అనుకున్నందుకు కృతజ్ఞతలు! ఇంకోదానికి ‘నోటెడ్’ అని రాశాను. మరొకదానికి జవాబే ఇవ్వలేదు, అయిపోయిన కోరికకి జవాబెందుకని. వాటన్నిటి కిందా ఆవిడ మళ్ళీ ఒకసారి ఇంకా మర్యాదగా, ఇంకో అడుగు వెనక్కి వేసి అడిగింది. ఎంత వెనక్కి వెళితే నాకు అంత అక్కర్లేనట్టు కనిపించింది. ఏసీ గదిలో చెవులు వేడెక్కడం అప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దున లీడ్ ఫోన్ చేసి ‘ఎక్కడున్నావ్?’ అన్నాడు. ‘వచ్చేశా’ అన్నాను. మాదాపూర్‌లో ఆఫీసు, నేనింకా అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆటోలో. నా మాట నాకే కొత్తగా వినిపించింది. వచ్చేశా అంటే వచ్చినట్టా? లీడ్‌కి తెలుసు, ఇంకో అరగంట పడుతుందని. మా ఇంటికి అప్పు కోసం వచ్చేవాళ్ళు గుర్తొచ్చారు. ‘మిమ్మల్ని ఒక మాట అడుగుదామనుకున్నానండీ’ అని గుమ్మం దగ్గరే నిలబడేవాళ్ళు. ‘అనుకున్నావు సరే, ఇప్పుడు మానుకున్నావా?’ అని నాన్న ఏనాడూ అనలేదు. కుర్చీ వేయించేవారు. అదే పద్ధతి ఇంగ్లీషులో వచ్చేసరికి, జరిగిన కాలమంటే జరిగిపోయిందే అని పట్టుకు కూర్చున్నది నేను.

పట్టికను మాత్రం ఏమీ అనను. ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వాడే పది క్రియలూ, బీ, హ్యావ్, డూ, సే, గో లాంటివి, పాస్ట్ టెన్స్‌లో ఏ సూత్రానికీ లొంగవు. వాటిని బట్టీ పట్టక తప్పదు. అక్కడి పిల్లలు కూడా మొదట్లో ‘గోడ్’, ‘ఈటెడ్’ అంటూనే పెరుగుతారు. నాకు కోపం వస్తే ఇప్పటికీ ‘ఐ డిడ్ నాట్ టోల్డ్ యూ’ అని బయటికొస్తుంది.

ఈమధ్య మా టీములో గుంటూరు నుంచి ఒక కుర్రాడు చేరాడు. నేనూ ఇప్పుడు మర్యాద నేర్చినవాణ్ణి కదా, ‘ఐ వజ్ హోపింగ్ వియ్ కుడ్ క్లోజ్ దిస్ బై ట్యూస్‌డే’ అని రాశాను. మంగళవారం పోయింది. బుధవారం పిలిచి ఏమైందని అడిగితే, ‘వజ్ అన్నారు కదా సార్, ఈలోపు ఎవరో చేసేశారేమో అనుకున్నా’ అన్నాడు. వేలు కూడా పెట్టి చూపించబోయాడు. తిడదామంటే నోరు రాలేదు.

‘ఎప్పటికి కావాలి సార్?’

‘నిన్నటికి.’

‘అయిపోయింది సార్’ అంటూ సీటు దగ్గరికి పరిగెత్తాడు. ఫైలు ఇంకా తెరవనే లేదు.