సూది మహిమ

మా కర్నూలులో డాక్టరుగారి గొప్పతనాన్ని తూచే తక్కెడ ఒకటుంది. అదే సూది! మాత్రలు మాత్రమే రాసిచ్చి పంపాడా, ఆయన ఎంత చదివినా చదువు రానట్టే లెక్క. "సూదెయ్యకుంటే ఇంగేం డాక్టరప్పా!" అని తేల్చేస్తుంది మా పక్కింటి పెద్దమ్మ.

గాజు సిరంజీ, స్టీలు డబ్బా, స్టవ్వు మీద మరిగీ మరగని నీళ్ళూ మా తరంవాళ్ళకి గుర్తే. వరసలో కూర్చున్న పదిమందికీ ఒకటే సూది. అది ఒకరి నెత్తురులోంచి ఇంకొకరి నెత్తురులోకి ఏం మోసుకెళ్ళేదో ఎవరికి తెలుసు? హెపటైటిస్ సి వైరస్‌ని శాస్త్రజ్ఞులు పట్టుకున్నదే 1989లో. మన దేశపు రక్తనిధుల్లో దానికి పరీక్ష తప్పనిసరి అయింది 2001లో.

మా అత్తగారికి 1990లో ఆపరేషన్ చేసి రెండు సీసాల రక్తం ఎక్కించారు. నిరుడు పరీక్షలో ఆ జబ్బు బయటపడింది. రక్తంవల్లనో, సూదివల్లనో ఇప్పుడు చెప్పలేమన్నారు. కామెర్లు లేవు, నొప్పి లేదు. చప్పుడు లేకుండా ఏళ్ళ తరబడి కాలేయాన్ని తినేస్తుందిట ఈ మహాతల్లి!

ఆవిడ జబ్బుకి భయపడలేదండీ. మర్నాటినుంచి తన కంచం, గ్లాసు వేరు పెట్టుకుంది. మనవడికి జొన్నరొట్టె తుంచి పెట్టడం మానేసింది. "మనవరాలి సంబంధాలవాళ్ళకి తెలిస్తే ఎట్లమ్మా?" అని గుసగుసగా అడిగింది. అన్నం పెట్టిన చేతివల్లా, కలిసి తిన్న కంచంవల్లా ఇది అంటదని డాక్టరమ్మ చెప్పేదాకా ఆ ఇంట్లో ఆవిడే పరాయిదైపోయింది.

2013లో అమెరికాలో ఈ జబ్బుకి వచ్చిన మాత్ర ఒక్కొక్కటి వెయ్యి డాలర్లు. 2015లో హైదరాబాదులోని నాట్కో, హెటిరోలాంటి కంపెనీలు దాన్ని చౌకగా తయారుచేశాయి. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్షా, మందులూ ఉచితం. 2030కల్లా హెపటైటిస్ సిని దేశంలోంచి తరిమెయ్యాలని సంకల్పం. మా అత్తగారు మూడు నెలలు మాత్రలు మింగారు. తర్వాత చేసిన పరీక్షలో వైరస్ లేదు!

మందుంది, డబ్బక్కర్లేదు. ఇక కావలసిందల్లా నోరు తెరవడమే. 2001కి ముందు రక్తం ఎక్కించుకున్నవాళ్ళు మీ ఇంట్లో ఉంటే పరీక్షకి పంపండి. ఈ జబ్బుకి టీకా లేదు కాబట్టి చెవులు కుట్టించినా, తిరనాళ్ళలో పచ్చబొట్టు పొడిపించినా సూది కొత్తదేనా అని అడగండి. కొత్తిమీర కట్ట దగ్గర పది ప్రశ్నలు వేసేవాళ్ళం, సూది దగ్గర ఒక్కటి అడగలేమా?