బరోగ్ స్టేషనులో పది నిమిషాలు

జనవరి దగ్గరపడుతున్నదంటే మా ఇంట్లో జొన్నరొట్టెల పని మొదలయ్యేది. సహారన్‌పూర్ గోధుమల సీమ. అక్కడ జొన్నలు వెతుక్కోవలసిన సరుకు. అందుచేత మా ఇంటివారు కర్నూలు వెళ్లివచ్చిన ప్రతిసారీ ఒక మూట జొన్నలు వెంట తెచ్చి, అవసరమైనప్పుడు పిండి ఆడించుకొనేవారు. పలుచగా తట్టి కాల్చి, అప్పడంలా గట్టిపడేదాకా ఆరబెట్టిన రొట్టెలు వారం దినాలైనా చెడవు. వాటితోబాటు ఒక సీసాలో పల్లీకారం. ఆ రొట్టెల డబ్బాకు మూత పడిందంటే సిమ్లా ప్రయాణం ఖాయమైనట్లేనని పిల్లలు లెక్క వేసుకొనేవారు.

మేము చదువుకొన్నది ఆ ప్రాంతంలోనే. పట్టా పుచ్చుకొన్న పిమ్మట అక్కడే ఒక మదరసాలో అరబ్బీ వ్యాకరణం బోధించే పనిలో కుదురుకొని, చాలాకాలం ఉండిపోయాము. ఈ 'మేము' అన్న మాట గురించి ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. తరగతి గదిలో అబ్బిన అలవాటు ఇది, ఇంట్లో కూడా పోలేదు. మా ఇంటివారు నవ్వుతూ అనేవారు: "మంచి చేసినప్పుడు మేము అనండి, కాదనను. పొరపాటు చేసినప్పుడు కూడా మేము అంటారే! అందులో మమ్మల్నెందుకు కలుపుతారు?"

మొదటి ప్రయాణం 2005 జనవరిలో. చలి తీవ్రతకు పిల్లల బడి మూసివేశారు. పెద్దవాడికి ఎనిమిదేళ్లు, అమ్మాయికి ఐదు, చిన్నది ఇంకా ఒడిలోనే. మదరసాకు పెద్ద సెలవులు షాబాన్ మధ్యనుండి రమజాన్ చివరిదాకా ఉంటాయి. చాంద్రమాన సంవత్సరం సౌరమానంకంటే సుమారు పదకొండు రోజులు చిన్నది గనుక ఆ సెలవులు ఏటా వెనక్కి జరుగుతూ, దాదాపు 33 ఏళ్లకు మళ్లీ అదే ఋతువుకు చేరుతాయి. మా విద్యార్థి దశలో షాబాన్ నడిచలిలో వచ్చేది. పిల్లలు పెరిగే నాటికి శరత్కాలంలోకి వెళ్లిపోయింది. కాబట్టి జనవరిలో మూడు రోజులు ప్రత్యేకంగా సెలవు అడగవలసివచ్చేది. సాటి అధ్యాపకుడొకాయన, "మంచు చూడడానికి డబ్బు ఖర్చు పెట్టడం దుబారా కాదా మౌలానా?" అని అడిగారు. ఏదో సమాధానం చెప్పాము. అసలు సమాధానం వేరు. రోజుకు అరవైమంది పిల్లలతో మాట్లాడి ఇల్లు చేరేసరికి సొంత పిల్లలతో మాట్లాడడానికి గొంతు మిగిలేది కాదు. ఐదారు గంటలు ఎటూ కదలడానికి వీలులేని ఒక చిన్న పెట్టెలో వారితో కూర్చోవాలన్నది మా కోరిక.

కాల్కా - సిమ్లా రైలు అందుకు తగినది. అంబాలాలో రాత్రివేళ కాల్కా మెయిల్ ఎక్కితే తెల్లవారకముందే కొండ పాదం వద్ద దింపేది. ఫ్లాట్‌ఫారం మీద తువ్వాలు పరచుకొని ఫజ్ర్ నమాజు చేసేసరికి కాళ్లు కొయ్యబారేవి. పక్కనే చిన్న బండి సిద్ధంగా నిలబడి ఉండేది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్లు తగులుతాయి. అలిగినవాడు కూడా ముఖం దాచుకోలేడు. 1903లో ఈ మార్గం మొదలైంది. కాల్కా సముద్రమట్టానికి 656 మీటర్ల ఎత్తు, సిమ్లా 2,075 మీటర్ల పైమాట. 96 కిలోమీటర్ల దూరంలో ఆ ఎత్తంతా ఎక్కాలి కనుక బండి పరుగెత్తదు, కొండను చుట్టి చుట్టి నడుస్తుంది. కిటికీ ఎడమన చూసిన స్టేషను కొంతసేపటికి కుడివైపు లోతున అగ్గిపెట్టెలా కనబడేది. దాన్ని మొదట గుర్తుపట్టినవారికి ఒక రొట్టె ముక్క ఎక్కువ.

సొరంగాలు లెక్కపెట్టే పని అమ్మాయిది. చివరి సొరంగం మీద 103 అని రాసి ఉంటుంది. కాని ఇప్పుడు వాడుకలో ఉన్నవి 102. మధ్యలో 46వ సంఖ్య సొరంగం లేకుండా పోయింది. ఒక ఏడు తన లెక్క తప్పిందని అమ్మాయి కండాఘాట్‌నుండి ఏడుస్తూనే వచ్చింది. పెద్దవాడికి లెక్కలు పట్టవు. వాడి చూపంతా స్టేషనులో సిబ్బంది, డ్రైవరు మార్చుకొనే ఇనుప గుండు మీద. ఒకే వరుస పట్టాలు గనుక, ఆ గుండు చేతికి అందనిదే డ్రైవరు ముందుకు సాగరాదు. ఒక స్టేషను యంత్రంలోనుండి గుండు బయటికి తీశారంటే, అది తిరిగి యంత్రంలో పడేదాకా ఆ దారిలోకి మరో బండి రాలేదు. ఆ యంత్రం లోపల ఏముంటుందని వాడు తొమ్మిదేళ్లప్పుడే అడిగాడు. మాకు తెలియలేదు. "దిగేటప్పుడు స్టేషను మాస్టరును అడుగుదాము" అని మాట దాటవేశాము. అడగలేదు.

బరోగ్ సొరంగం 33వది, 1,143 మీటర్ల పొడవు. దాటడానికి దాదాపు మూడు నిమిషాలు. ఆ చీకటిలో కథ చెప్పడం మా వంతు. కర్నల్ బరోగ్ అనే ఇంజనీరు కొండను రెండు వైపులనుండి తొలిపించాడు. కొలతలు తప్పాయి. రెండు కొసలు కలవలేదు. ప్రభుత్వం అతనికి ఒక్క రూపాయి జరిమానా విధించింది. ఆ అవమానం భరించలేక అతడు ప్రాణాలు తీసుకొన్నాడని అక్కడివారు చెప్పుకొంటారు. తరువాత భల్కూ అనే చదువురాని కొండ మనిషి చేతికర్రతో రాళ్లను తట్టి సరైన దారి చూపాడట. ఇప్పుడు బండి నడిచే సొరంగం ఆ పాతదానికి కొంత దూరాన వేరుగా తొలిచినది. మేము ప్రతి ఏడూ ఇంజనీరు అజాగ్రత్త దగ్గర గొంతు పెంచి, లెక్క సరిచూసుకోని మనిషి గతి ఇదని ముగించేవారము. అంతలో వెలుతురు వచ్చేది. సొరంగం దాటగానే బరోగ్ స్టేషను. బండి పది నిమిషాలు ఆగుతుంది. వేడి టీ, కట్లెట్లు.

సిమ్లాలో దిగువ బజారులో చవక గది తీసుకొనేవారము. మంచు కొన్నేళ్లు మోకాలి లోతు, కొన్నేళ్లు చెట్ల నీడన సున్నం చల్లినంతే. జామా మసీదు పరిసరాల్లో కశ్మీరీ హమాలీలు ఉంటారు. ఊరివారు వారిని 'ఖాన్' అని పిలుస్తారు. వీపున తాడు బిగించి, గ్యాసు సిలిండర్లు మొదలుకొని బీరువాలదాకా ఆ మెట్లదారుల్లో మోస్తారు. ఒక వృద్ధుడు మా పిల్లలు మంచు ముద్దలు విసురుకోవడం చూసి, "దీన్ని తప్పించుకొని మేము ఇల్లు వదిలి వచ్చాము, మీరు టిక్కెట్టు కొనుక్కొని దీనికోసం వచ్చారా!" అని నవ్వాడు. మా రొట్టె ఒకటి తిని, ఇది రాయా అన్నాడు. మరుసటి ఏడు మళ్లీ అడిగి తిన్నాడు.

2013 జనవరి. పెద్దవాడికి పదహారేళ్లు. హిఫ్జ్ తరగతిలో ఉన్నాడు. పందొమ్మిది పారాలు కంఠస్థం అయ్యాయి. బరోగ్‌లో టీ కప్పులు చేతికి రాగానే వాడు మాట్లాడాడు. కాల్కానుండి కూడదీసుకొన్న మాటలని గొంతు చెబుతూనే ఉంది.

"అబ్బా, నేను హిఫ్జ్ మానేస్తాను. ఏడాదిగా పందొమ్మిదో పారా దాటలేకపోతున్నాను. వెనకటివి జారిపోతున్నాయి. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఐ.టి.ఐ.లో చేరతాను."

మేము కప్పు కింద పెట్టి, కిటికీ వైపు తిరిగాము. బండి కదిలింది. సోలన్, కండాఘాట్, కనోహ్ దగ్గర నాలుగు అంతస్తుల కమానుల వంతెన, తారాదేవి. మూడు గంటలు ఒక్క మాట ఆడలేదు. మోకాళ్లు తగులుతూనే ఉన్నాయి. చిన్నది రొట్టె చాపితే తీసుకోలేదు. రాత్రి గదిలో మాత్రం అన్నాము: "ఊరందరి పిల్లలకు పాఠం చెప్పేవారి ఇంట్లో ఈ పిల్లవాడా అని రేపు లోకం అడిగితే ఏమని చెప్పాలి?" వాడి నిద్ర గురించి అడగలేదు. మా ఇంటివారు గోడవైపు తిరిగి పడుకొన్నారు.

తిరుగు ప్రయాణంలో ఆ సొరంగం వచ్చినప్పుడు చిన్నది కథ అడిగింది. చెప్పాము, ఎప్పటికంటే గట్టిగానే. చీకటిలోనుండి పెద్దవాడి గొంతు: "ఆ ఇంజనీరు తప్పు ఏటా చెబుతారు అబ్బా. ఆ రూపాయి జరిమానా వేసినవారి సంగతి ఎన్నడూ చెప్పరేం?"

"సర్కారు వేసింది" అన్నాము పొడిగా.

మరుసటి జనవరిలో వాడు రాలేదు, పరీక్ష ఉందన్నాడు. నలుగురమే వెళ్లాము. ఆ ఏడు మంచు విస్తారంగా పడింది. అమ్మాయి సొరంగాలు లెక్కపెట్టలేదు. ఆ పైన వెళ్లడమే మానుకొని, కొంతకాలానికి కర్నూలు వచ్చేశాము. వాడు ఐ.టి.ఐ. పూర్తిచేసి దమ్మాంలో ఏ.సి. మెకానిక్కుగా స్థిరపడ్డాడు. నెలనెలా డబ్బు పంపుతాడు. చెల్లెలి పెళ్లి ఖర్చు వాడిదే. ఫోను చేస్తే తల్లితో అరగంట, మాతో "ఆరోగ్యమేనా అబ్బా", "అల్‌హమ్దులిల్లాహ్" అన్నంత. కసురుకొన్నది ఎన్నడూ లేదు. వాడు కసురుకొంటే మాకు తేలికగా ఉండేది.

మొన్నటి షాబాన్ సెలవులు ఫిబ్రవరిలో వచ్చాయి. చంద్రుడు తన చుట్టు తిరిగి సెలవులను మళ్లీ చలిలోకి తెచ్చాడు. వాడు కూడా సెలవు మీద వచ్చాడు. అడగకుండానే అందరికీ టిక్కెట్లు తీసి, "రమజాన్ ముందే తిరిగి వచ్చేస్తాము అమ్మీ, రొట్టెలు చేయి" అన్నాడు. మాతో ఏమీ అనలేదు. కోడలు, నాలుగేళ్ల మనవడు, మేమిద్దరము. కూతుళ్లు అత్తవారిళ్లలో ఉన్నారు.

దారి పొడుగునా మంచు లేదు. ఎండ కాస్తున్నది. ఒక స్టేషనులో బండి ఆగినప్పుడు వాడు కొడుకును భుజం మీద ఎక్కించుకొని ఆ ఇనుప గుండు చూపించాడు. లోపలి యంత్రం ఎలా పనిచేస్తుందో, ఒక గుండు బయట ఉంటే రెండోది ఎందుకు రాదో వివరిస్తుంటే స్టేషను మాస్టరు కూడా నిలబడి విన్నాడు. ఎప్పుడు తెలుసుకొన్నాడో! మేము కిటికీలోనుండి చూస్తూ కూర్చున్నాము.

బరోగ్ సొరంగంలోకి బండి ప్రవేశించింది. "దాదా కథ చెబుతారు విను" అన్నాడు వాడు కొడుకుతో. చెప్పాము. రెండు కొసలు, తప్పిన కొలత, రూపాయి జరిమానా. అక్కడికి వచ్చేసరికి గొంతు పెరగలేదు. చీకటి ఇంకా ఒక నిమిషం మిగిలి ఉంది. వాడున్న వైపు తిరిగి అన్నాము:

"ఆ జరిమానా వేసింది సర్కారు కాదు నాయనా. నేను."

చక్రాల చప్పుడు. ఎవరూ మాట్లాడలేదు. మా ఇంటివారి చేయి మాత్రం మా మోచేతి మీద పడింది. వెలుతురు వచ్చింది, బండి ఆగింది. వాడు మా ముఖం చూడకుండానే దిగిపోయాడు.

పది నిమిషాల్లో ఎనిమిది గడిచిపోయాయి. రెండు చేతుల్లో కప్పులు, చంకలో కట్లెట్ల పొట్లంతో తిరిగి వచ్చాడు. మొదటి కప్పు మాకు అందించి, "చక్కెర లేకుండా చేయించాను అబ్బా, అందుకే ఆలస్యమైంది" అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చలికి అయి ఉండవచ్చు.

మనవడు మంచు ఏదని అడుగుతున్నాడు. వాడు ఎదురుగా కూర్చుని, మోకాలు మా మోకాలికి తగులుతుండగా, ఫోనులో క్యాలెండరు తీశాడు. వచ్చే ఏడు షాబాన్ మరో పదకొండు రోజులు ముందుకు వస్తుంది, అప్పుడైతే మంచు పడి ఉండవచ్చునంటూ మా వైపు తెర తిప్పి చూపాడు.